ఒకే తీగ మీద

“బీపీ గోలీ ఏసుకున్నవా బిడ్డా?”

తెల్లవారితే హనుమకొండలో ఎన్నో ఇళ్లలో వినిపించే ప్రశ్న ఇది. అడిగేది తల్లి. జవాబు చెప్పాల్సింది యాభై ఏళ్ల కొడుకు. అతను పేపర్లోంచి తలెత్తడు. ఆమె వంటింట్లోకి పోయివచ్చి మళ్లీ అడుగుతుంది. చాయ్ అందిస్తూ అడుగుతుంది. అతను చెప్పులు వేసుకుంటుంటే ఇంకోసారి అడుగుతుంది. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న మనవడికి విసుగు పుడుతుంది. “స్టాప్ హార్పింగ్ నాయనమ్మా!” అంటాడు. “గదేందిరా?” అని ఆమె. “అన్నదే అనుడు” అని వాడు. “గట్లయితే మీ నాయిన గోలీ ఏసుకునేదాంక అంట” అని ఆమె తన పనిలో తాను పడిపోతుంది.

ఆ నాయనమ్మ దగ్గరికి మళ్లీ వద్దాం. ముందు ఆ పిల్లవాడి నోట్లోంచి ఊడిపడ్డ మాట సంగతి చూడాలి. వాడు హార్ప్‌ను కళ్లారా చూసి ఉండడు. వాడికి ఆ మాట నేర్పిన పంతులమ్మ కూడా పుస్తకంలో బొమ్మ తప్ప చూసి ఉండకపోవచ్చు. వాద్యం మన వాకిట్లోకి రాలేదు. దాని పేరు మీద పుట్టిన తిట్టు మాత్రం సముద్రాలు దాటి వచ్చి మన నోళ్లలో కాపురం పెట్టింది. ఆఫీసు మీటింగులో పెండింగు పని గుర్తుచేసిన ఉద్యోగికీ, టీవీ చర్చలో పాత ప్రశ్న వేసిన పెద్దమనిషికీ, ఇంట్లో మందులు గుర్తుచేసే ముసలమ్మకూ ఇప్పుడు అదే బిరుదు.

హార్ప్ అంటే ఏమిటని అడిగితే చాలామంది వీణలాంటిదంటారు. తీగలున్న మాట నిజమే గాని, నడక వేరు. వంపు తిరిగిన మెడ పైన, నాదపేటిక కింద, రెంటి నడుమ వరసగా బిగించిన తీగలు. ఇవాళ్టి కచేరీ హార్ప్ మనిషెత్తు ఉంటుంది. దానికి 47 తీగలు, పాదాల దగ్గర 7 పెడళ్లు. వీణకున్నట్టు మెట్లుండవు. ఒక్కో తీగకు ఒక్కో స్వరం రాసిపెట్టి ఉంటుంది. పెడల్ తొక్కితే ఆ స్వరం అరమెట్టు అటో ఇటో జరుగుతుంది, అంతే. పాట కావాలంటే చెయ్యి తీగ నుంచి తీగకు పరుగెత్తాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తిట్టు ఎక్కడ పుట్టిందో ఇట్టే తెలిసిపోతుంది.

మాట మాత్రం గౌరవంగానే పుట్టింది. పాత ఇంగ్లిష్‌లో దాని రూపం ‘హెఆర్పె’. జర్మన్‌లో నేటికీ ‘హార్ఫె’. ఉత్తర ఐరోపా జాతుల సొంత మాట అది. 6వ శతాబ్దంలో వెనాంటియస్ ఫోర్చునాటస్ అనే లాటిన్ కవి, రోమన్లకు లైర్ ఎలాగో అనాగరికులకు హార్ప్ అలాగని లెక్క చెప్పాడు. లైర్ గ్రీకుల తీగవాద్యం. దాని పేరు మీదే లిరిక్ పుట్టింది. సినిమా పాట రాసినవారిని లిరిసిస్ట్ అని మనం పిలిచినప్పుడల్లా ఆ పాత తీగ ఒకసారి మోగుతూనే ఉంటుంది. అనాగరికుల వాద్యమని పేరుపడ్డ హార్ప్ కూడా ఊరుకోలేదు. ఇటలీకి వెళ్లి ‘అర్పా’ అయింది. స్వరాలను ఒక్కసారిగా గుప్పించకుండా ఒకదాని వెంట ఒకటి జారవిడిచే పద్ధతికి అక్కడే ‘అర్పెజియో’ అనే పేరు వచ్చింది. నేడు మన ఊళ్లో గిటార్ నేర్చుకునే పిల్లలు రెండో నెలలోనో మూడో నెలలోనో పలికే మాట అది.

ఇంగ్లిష్ వారి తొలి కవి కథలోనూ హార్ప్ ఉంది. 7వ శతాబ్దంలో విట్బీ మఠంలో కేడ్మన్ అనే పశువుల కాపరి ఉండేవాడు. విందుల్లో వాద్యం చేతులు మారుతూ వచ్చేది. ఎవరి దగ్గరికి వస్తే వారు పాడాలి. పాట రాని కేడ్మన్ అది తన దాకా రాకముందే లేచి కొట్టంలోకి వెళ్లి పశువుల పక్కన పడుకునేవాడు. ఒక రాత్రి కలలో ఎవరో వచ్చి పాడమన్నారు. పాడాడు. ఆ భాషలో పేరు తెలిసిన మొదటి కవి అయ్యాడు. 731లో పూర్తయిన బీడ్ చరిత్ర గ్రంథం ఈ కథ చెబుతుంది. పొలం దున్నుకుంటూ భాగవతం రాశాడని బమ్మెర పోతనను తలుచుకునే మన నేలకు ఈ కథ కొత్తగా అనిపించదు. పాట పెద్దల సొత్తు కాదని రెండు చోట్లా జనం చెప్పుకున్నారు.

ఇంత మర్యాద ఉన్న మాట నిందగా మారింది 16వ శతాబ్దంలో. ఒకే తీగను మీటుతూ కూర్చోవడమంటే చెప్పిందే చెప్పడమనే అర్థం అప్పటికే జనం నోట స్థిరపడింది. షేక్‌స్పియర్ మూడవ రిచర్డ్ నాటకంలోనూ ఆ నుడికారం ఉంది. హార్ప్ నిర్మాణం తెలిసినవారికి ఇందులో వింత లేదు. దాని తీగ ఒంటిస్వరి. వంద సార్లు మీటినా పలికేది అదే. వినేవాడికి విసుగు పుట్టక ఏమవుతుంది? కాలక్రమంలో తీగ అన్న మాట కూడా రాలిపోయి, వాద్యం పేరే నిందకు క్రియాపదమైంది. వాయించడమే తప్పయిపోయింది!

మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతికేవారికి ఇక్కడ ఒక గోతి కూడా ఉంది. తిమింగలాలను వేటాడే ఈటె హార్పూన్. గ్రీకు పురాణాల్లో అన్నం పళ్లెం ఎత్తుకుపోయే ఆడముఖపు పక్షి హార్పీ. వినగానే ఇవన్నీ ఒక తల్లి పిల్లలే అనిపిస్తాయి. కాదు. హార్పూన్ వెనుక గ్రీకు కొడవలి ఉంది, హార్పీ వెనుక లాక్కుపోవడం ఉంది. మన కిన్నెర దగ్గరా ఇలాంటి ఊరింపే ఎదురవుతుంది. హీబ్రూలో దావీదు వాయించిన వాద్యం కిన్నోర్. కిన్నోర్, కిన్నెర: చెవికి అక్కాచెల్లెళ్లే. తెలుగు బైబిల్ అనువాదకులు మాత్రం ఆ పోలిక జోలికి పోలేదు. దావీదు చేతికి సితారా ఇచ్చారు, పది తీగల వాద్యాన్ని స్వరమండలం చేశారు. ఇంగ్లిష్ బైబిల్ చదివినవారికి హార్ప్ వినిపించే చోట, తెలుగు విశ్వాసికి సితారా వినిపిస్తుంది. వాద్యం చిక్కకపోతే దానికి దగ్గరి చుట్టాన్ని పిలుచుకోవడం అనువాదంలో ఉన్నదే.

అయితే హార్ప్ మనది కాదనుకుంటే మాత్రం పొరపాటే. అమరావతి స్తూపం మీది పలకలు కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, మరికొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ శిల్పాల్లో స్త్రీల ఒడిలో ఉన్న తీగవాద్యం మనం ఎరిగిన వీణ కాదు. విల్లులా వంగిన మెడ, దాని నుంచి నాదపేటికకు దిగిన తీగలు, మెట్లు లేవు. అది హార్పే. 4వ శతాబ్దంలో సముద్రగుప్తుడు తన బంగారు నాణెం మీద ఒడిలో పెట్టుకుని కూర్చున్నదీ అదే. ఆనాడు వీణ అంటే ఇదే. భరతుడు నాట్యశాస్త్రంలో 7 తీగల చిత్రా వీణను, 9 తీగల విపంచిని చెప్పాడు. ఆ విపంచి పేరు అమరకోశంలోకి వచ్చింది, తెలుగు పద్యంలోకి వచ్చింది, నేటికీ ఆడపిల్లల పేర్లలో ఉంది. మన చేతుల్లోంచి విల్లు వీణ జారిపోయి వెయ్యేళ్లు దాటింది. పేరును మాత్రం మెట్ల వీణకు తొడిగి ఏమీ పోనట్టే ఉన్నాం.

తమిళులు దాన్నే యాళ్ అన్నారు. శ్రీలంకలోని జాఫ్నాకు తమిళంలో యాళ్‌పాణం అన్న పేరు యాళ్ వాయించే పాణర్ వల్లనే వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. బర్మాలో ఆ విల్లు వాద్యం నేటికీ సౌంగ్ పేరుతో పలుకుతోంది. మధ్యప్రదేశ్‌లోని మండ్లా వైపు ప్రధాన్ గాయకులు అయిదు తీగల విల్లు వాద్యంతో గోండుల కథలు చెబుతారు. ఆ ప్రధాన్‌ల బంధువర్గమే మన ఆదిలాబాద్‌లో కిక్రి మీద కమాను లాగుతూ గోండు రాజుల కథలు పాడుతుంది. రాజుల నాణేల మీద మాసిపోయిన విల్లు వీణను అడవి దాచుకుంది.

మన నేల మీద తీగకు దొరికిన కొత్త బాట వేరు. ఓరుగల్లును కాకతీయులు ఏలే నాటికి మెట్ల మీద వేలు నడిపే వాద్యాలు పెరిగాయి. 13వ శతాబ్దంలో పొరుగున దేవగిరిలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరం రాస్తూ కిన్నెరలో చిన్నదీ పెద్దదీ వివరించాడు. అదే శతాబ్దంలో గణపతిదేవుని గజసేనాని జాయప ఇక్కడ నృత్తరత్నావళి కూర్చాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథ చెప్పాడు. శివుడి ముందు కిన్నెర వాయించడమే నిత్యసేవగా పెట్టుకున్నందుకు ఆ భక్తుడి ఇంటిపేరే కిన్నెర అయింది. 17వ శతాబ్దానికి తంజావూరులో, తెలుగు కవి కూడా అయిన రఘునాథ నాయకుని కాలంలో, 24 మెట్ల వీణ కుదురుకుంది. మెట్టు వచ్చిన రోజున తీగకు సంకెల తెగింది. హార్ప్‌లో ఒక తీగకు ఒక స్వరం. ఇక్కడ ఒక తీగ మీద రాగమంతా. తీగ కదలదు, వేలు కదులుతుంది.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య చేతిలో ఈ సంగతి మన కళ్ల ముందే రుజువైంది. వెదురు కర్ర, ఎండిన సొరబుర్రలు, మైనంతో అంటించిన 12 మెట్లు. ఆ 12 మెట్ల కిన్నెర మీద ఆయన పండుగ సాయన్న కథ పాడారు. కలిగినవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన వీరుడి కథ. డక్కలివారి ఇళ్లలో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య అది. ఆయన జీవితమంతా వాయించింది అదే వాద్యం, పాడింది అవే కథలు. ఊళ్లు తిరిగి పాడినన్నాళ్లూ ఎందరు ఆగి విన్నారో గాని, భీమ్లా నాయక్ సినిమా పాటలో ఆ గొంతు వినగానే ఊరంతా విన్నది. 2022లో పద్మశ్రీ వచ్చింది. కిన్నెర మారలేదు. వినే చెవులు ఆలస్యంగా వచ్చాయి.

చెవులు ఆలస్యం కావడం మన ఒక్కరి రోగం కాదు. హార్ప్‌ను జాతి చిహ్నంగా పెట్టుకున్న ఐర్లాండ్‌లోనూ అదే కథ. 1792 జులైలో బెల్‌ఫాస్ట్‌లో పాత వాద్యకారులందర్నీ రమ్మని పిలిస్తే వచ్చిన ఐరిష్ వారు పదిమంది. తోడుగా వేల్స్ నుంచి ఒకరు. ఎడ్వర్డ్ బంటింగ్ అనే 19 ఏళ్ల కుర్రాడు వారి పక్కన కూర్చుని పాటలకు స్వరాలు రాసుకున్నాడు. ఆ కుర్రాడు చెవి పెట్టినందువల్లే ఆ పాటలు కొన్నయినా మిగిలాయి. నేడు ఐర్లాండ్ యూరో నాణేల మీద హార్ప్ బొమ్మ ఉంది. వాద్యాన్ని నాణెం మీద ముద్రించడం సులువు. వాయించేవాడి పక్కన కూర్చోవడమే కష్టం.

మన తెలుగూ వాద్యాలతో నిందలు కుట్టడంలో తక్కువ తినలేదు. ఒకరిని పొగిడితే బాకా ఊదాడంటాం, డప్పు కొట్టాడంటాం. ఔనంటే తాళం వేశాడంటాం, వంత పాడాడంటాం. పరాచికం హద్దు దాటితే శ్రుతి మించి రాగాన పడిందంటాం. అన్నదే అంటే పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అని పాపం దాసరినే ఈసడిస్తాం. ఇంటింటికీ తిరిగి పాడితేగాని కడుపు నిండని దాసరి పాడిందే పాడక ఏం చేస్తాడు? అతని ముందు ప్రతి గడపా కొత్త గడపే. పాట పాతది అతనికి, మనకు కాదు. వినకుండానే విసుక్కోవడం మన అలవాటు. ఒక్క సామెతలో మాత్రం తప్పు సరైన చోట పెట్టాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్నప్పుడు మనం శంఖాన్ని తప్పుపట్టలేదు.

అన్నదే అనడానికి తెలంగాణ పలుకులో పేర్లకు కొదవ లేదు. నస అంటారు, సోది అంటారు, పోరు అంటారు, లొల్లి అంటారు. గొడవ అని కూడా అంటారు. ఆ చివరి మాటను వరంగల్ కవి ఒకాయన తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు. మడికొండలో పెరిగిన కాళోజీ నారాయణరావు 1953లో తన కవితలకు ‘నా గొడవ’ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత ఏం రాసినా ఆ పేరు మార్చలేదు. అన్యాయం జరిగితే అడగడం, మళ్లీ జరిగితే మళ్లీ అడగడం, అడిగినందుకు నిజాం కాలంలో జైలుకు పోవడం, బయటికి వచ్చి మళ్లీ అడగడం. మన పలుకు మన రాతలో ఎందుకుండకూడదని అడుగుతూనే ఉన్నాడు. పుస్తకాల భాష రెండున్నర జిల్లాల భాష అని ఆయన అంటే నవ్వినవారున్నారు, నస అన్నవారున్నారు. 1992లో పద్మవిభూషణ్ వచ్చింది. 2002లో ఆయన పోయాడు. నేడు ఆయన పుట్టిన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఒకే తీగ మీద జీవితమంతా వాయించినవాడికి ఒక రాష్ట్రం క్యాలెండర్లో రోజు కేటాయించింది. ఇంగ్లిష్ నుడికారం ప్రకారం ఆయన చేసింది హార్పింగే. కాని చేయి ఆ తీగ మీదున్నా వేలు మాత్రం ఆగలేదు. ఆకలి, భాష, ఓటు, అధికారం, స్నేహం: మెట్టు మెట్టుకూ ఒక స్వరం.

ఓరుగల్లు జనానికీ ఈ విద్య తెలుసు. కాజీపేటకు రైలు పెట్టెల కర్మాగారం కావాలని అడగడం మొదలై నాలుగు దశాబ్దాలైంది. 1980ల్లో వస్తుందనుకున్నది పంజాబ్‌లోని కపూర్తలాకు వెళ్లింది. అడగడం ఆగలేదు. 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ అవకాశాన్ని పరిశీలించాలన్న మాట చేరింది. అడగడం ఆగలేదు. 2023 జులై 8న ప్రధాని వరంగల్ వచ్చి వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. మధ్యలో ఎన్ని ఎన్నికలు, ఎన్ని వినతిపత్రాలు, ఎంతమంది అధికారులు ‘మళ్లీ అదేనా’ అని ముఖం చిట్లించి ఉంటారు! అడిగేవాళ్లు ఆ ముఖాలకు జంకి ఉంటే ఆ మాట కాగితాల్లోంచి కూడా చెరిగిపోయేది.

అలాగని అన్నదే అన్న ప్రతి మాటా మంచిదని కాదు. మైకు దొరికితే పదేళ్ల కిందటి ఉపన్యాసమే వల్లించే నాయకుడున్నాడు. పొద్దున వచ్చిన ఫార్వర్డునే సాయంత్రం ఇంకో గ్రూపులో పడేసే బాబాయి ఉన్నాడు. చర్చల్లో ఎదుటివాడి జవాబు చెవిన పడకముందే పాత ప్రశ్న అందుకునే వాగ్ధాటి ఉంది. ఇక్కడ తీగ ఒకటి కావడం తప్పు కాదు. వేలు కదలకపోవడం తప్పు. జవాబు వచ్చినా వినకుండా మీటుతూ పోవడం తప్పు. జవాబు రాక మళ్లీ అడిగేవాడిదీ, జవాబు అక్కర్లేక మళ్లీ అరిచేవాడిదీ ఒకే జాతి కాదు. హార్పూన్, హార్ప్ లాగా పైకి మాత్రమే ఒకటిగా వినిపిస్తాయి.

ఈ తేడా పట్టుకుంటే చాలా నసలు నసలు కావని తేలుతుంది. భూమి కాగితం కోసం ప్రతి వారం ఆఫీసు మెట్లెక్కే రైతు అడిగిందే అడుగుతాడు. పింఛను ఎప్పుడొస్తుందని ముసలవ్వ పోస్టాఫీసు కిటికీ దగ్గర అడిగిందే అడుగుతుంది. హెల్మెట్ పెట్టుకొమ్మని భార్య గుమ్మం దగ్గర అన్నదే అంటుంది. చూపు తగ్గిన పెద్దాయన పక్కింటి అబ్బాయిని చీటీ చదవమని నిన్న అడిగి ఈరోజూ అడుగుతాడు. వీళ్లెవరికీ ఆ తీగ మీద ప్రేమ లేదు. ఇంకో తీగ వాళ్ల చేతికి ఎవరూ ఇవ్వలేదు. వినాల్సినవాడు ఒక్కసారి విని ఉంటే రెండోసారి మీటే అవసరమే వచ్చేది కాదు.

పరాయి మాటను వాడుకోవద్దని ఎవరూ అనరు. హార్ప్ మాట నోట్లోకి వచ్చినప్పుడు మాత్రం దాని వెంట అమరావతి పలక మీది ఆడమనిషి ఒడీ, కొట్టంలో పశువుల పక్కన పడుకున్న కేడ్మనూ, మొగిలయ్య 12 మెట్లూ గుర్తుకు రావాలి. ఎవరినైనా ఒకే తీగ మీటుతున్నావని అనబోయే ముందు, ఆ తీగ ఎవరి చెవి కోసం మోగుతోందో ఒక క్షణం చూసుకోవాలి. ఆ చెవి మనదే కావచ్చు.

ఇక ఆ నాయనమ్మ సంగతి. రేపు పొద్దున ఆమె మళ్లీ అడుగుతుంది. అప్పుడు కొడుకు చేయాల్సింది ఒక్కటే. పేపరు పక్కన పెట్టి, గోలీ మింగి, “ఏసుకున్ననే అమ్మా” అనాలి. ఆ పూటకు తీగ ఆగుతుంది.